మా మనిషిని మేమే ఏరుకుంటాం

సుస్మిత అరుపు ఉడకబెట్టే షెడ్డులోంచి తొక్కతీసే షెడ్డు దాకా వినబడింది. మంగమ్మ చేతిలో జీడిపప్పు పళ్ళెంలో పారేసి పరిగెత్తింది. అప్పటికే నలుగురు ఆడవాళ్ళు ఆ పిల్లని బయటికి లాక్కొచ్చారు. జీడిపిక్కలు ఉడికే బాయిలరు మూత ఊడి, మరిగే నీళ్ళూ జీడినూనే కలిసి కుడిచెయ్యి మీదా మెడ మీదా పడ్డాయి. ఆ మూత వదులైపోయిందని మేస్త్రీకి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ప్రతిసారీ గుడ్డ చుట్టి బిగించమన్నాడు.

ఫేక్టరీ యజమాని గోవిందరావు కారు గేటు దగ్గరే ఉంది. సుమ్మాదేవి నుంచి రోజూ రైల్లో వచ్చే బొడ్డమ్మ, ఆ ఫేక్టరీలో అందరికన్నా పాత మనిషి, కారు తలుపు పట్టుకుంది.

"షావుకారూ, బండి తియ్యండి. గుంట సచ్చిపోతాది."

గోవిందరావు సుస్మిత మెడ మీంచి కారుతున్న నల్లటి నూనె చూశాడు. కారులో తెల్లటి సీటు కవర్లు చూశాడు.

"ఆటో పిలవండే," అన్నాడు.

ఆటో వచ్చింది. సుస్మితతో పాటు ఎక్కబోయిన మంగమ్మని గేటు మనిషి వెనక్కి నెట్టాడు. పని వేళలో ఎవరూ బయటికి పోకూడదట. సాయంత్రానికి ఇంకో కబురు తెలిసింది. గుమస్తా ఆసుపత్రికెళ్ళి, ఈ పిల్ల మా ఫేక్టరీ మనిషి కాదు, ఎవరినో చూసిపోడానికి వచ్చింది అని రాయించాడు. ఐదేళ్ళుగా ఆ బాయిలరు దగ్గర ఉడికిన పిల్ల, చుట్టపుచూపుకి వచ్చిందట!

మర్నాడు ఉదయం గేటు తీశారు గాని లోపలికి ఎవరూ వెళ్ళలేదు.

సమ్మె అన్న మాట ముందు ఎవరూ అనలేదు. ఆడవాళ్ళు గేటు ముందు గోనెలు పరుచుకుని కూర్చున్నారు, అంతే. సుస్మిత వైద్యం షావుకారే చేయించాలి. పనిచేసే ప్రతి మనిషి పేరూ రిజిస్టర్లో ఎక్కాలి. చేతులకి తొడుగులివ్వాలి. ఇవే అడిగారు. పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగి, "మీ లీడరెవరే?" అన్నాడు.

మంగమ్మ లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. "లీడరు నేరు బాబూ. కాలిన సెయ్యి ఒకటుంది ఆసుపత్రిలో. ఎల్లి సూసి రండి. అప్పుడు మాటాడదాం."

ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో పలాస, కాశీబుగ్గ దాటి అటు కవిటి దాకా తిరిగింది.

వీడియో వెనకాలే మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మంగమ్మ ఉండే వార్డు బీసీ మహిళలకి రిజర్వయింది. ఒక పార్టీ పెట్టుకున్న సర్వే కుర్రాడు, ధీరజ్ అట పేరు, చేతిలో ట్యాబుతో గేటు దగ్గరికొచ్చాడు.

"మీ వార్డులో ఎవరు నిలబడితే ఓటేస్తారమ్మా?"

"మా మంగమ్మకి ఏత్తాం," అని ఒకతి నవ్వులాటకి అంది. అందరూ నవ్వారు. ధీరజ్ నవ్వకుండా ట్యాబులో కొట్టుకున్నాడు.

రెండ్రోజులు పోయాక ఆ పార్టీలో తిరిగే ఢిల్లేశ్వరరావు మంగమ్మ ఇంటికే వచ్చాడు. చొక్కా మడత నలగని మనిషి. మంగమ్మ మొగుడు ఈశ్వరరావు అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి మంచం మీద పడున్నాడు. ఒకప్పుడు కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి. ఉద్దానంలో ఎంతమందికో వచ్చిన కిడ్నీ రోగమే అతనికీ వచ్చింది. ఇప్పుడు గడప దాటాలంటే భుజం కావాలి.

ఢిల్లేశ్వరరావు కుర్చీ జరుపుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. మాట్లాడింది మంగమ్మతో, చూసింది ఈశ్వరరావుని.

"అమ్మా, రేపు టెక్కలిలో అభ్యర్థుల ఎంపిక. మా పార్టీ పెద్దాయన మిమ్మల్ని చూస్తానన్నారు. సర్వేలో మీ పేరు పైన ఉంది. టిక్కెట్టు మీ ఇంటికి నడిచొచ్చిందనుకోండి. మీ ఆయన్ని ఆసుపత్రికి తిప్పడానికి బండి పెడతాం. విశాఖలో పెద్ద డాక్టరు మనవాడే. దాత దొరికితే కిడ్నీ మార్పిడికి కూడా మాట్లాడదాం."

మార్పిడి! ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఈశ్వరరావు గోడ వైపు తిరిగాడు.

గేటు దగ్గర ఎవరికీ చెప్పలేదు మంగమ్మ. ముందు చూసొద్దాం, తరవాత చెబుదాం అనుకుంది. తెల్లారి వాళ్ళు పంపిన కారెక్కింది. ఆ సీటు కవర్లు కూడా తెల్లగానే ఉన్నాయి. ఆమె అంచున కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

టెక్కలిలో కల్యాణమండపం కిటకిటలాడుతోంది. ఏ వార్డు వాళ్ళు ఆ గుంపుగా నిలబడ్డారు. ఒక కాంట్రాక్టరు పెళ్ళాం పేరుతో టిక్కెట్టు అడుగుతున్నాడు. ఆమె పక్కనే ఉంది గాని ఆమెని ఎవరూ ఏమీ అడగడంలేదు. ఏం చదివింది, ఏం చేస్తుంది అంటే అతనే జవాబు చెబుతున్నాడు. ఇంకో మూల నెరిసిన జుట్టు మనిషి ఒకడు అరుస్తున్నాడు. "ఈ జెండా కట్టిన రోజు మీరెవరూ నేరు! దెబ్బలు తిన్నాను, కేసులు మోసాను. ఇప్పుడు సర్వేలో నా పేరు రాలేదంతారా?" ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని మెల్లగా బయటికి నడిపించుకుపోయారు. తలుపు దగ్గర అతను కండువా తీసి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మెడలోనే వేసుకున్నాడు.

మంగమ్మని లోపలి గదిలోకి పిలిచారు.

పెద్దాయన సోఫా మధ్యలో ఉన్నాడు. ధీరజ్ పక్కన నిలబడ్డాడు. సోఫాకి ఈ చివర, కాలు మీద కాలేసుకుని, గోవిందరావు.

మంగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా మంగమ్మా, భయపడకు," అన్నాడు గోవిందరావు. "సర్వేలో నలుగురి పేర్లొచ్చాయి. నీ పేరు ఖాయం చెయ్యమన్నది నేనే."

"మీరా?"

"నేనే. గొంతున్నదానివి. మన ఫేక్టరీ మనిషివి. నువ్వు గెలిస్తే నాకూ గౌరవమే కదా."

పెద్దాయన విసుగ్గా చెయ్యి ఊపాడు. "చూడు తల్లీ, మేం మనిషిని చూడం. గెలుపు చూస్తాం. వార్డులో మీ కులం ఓట్లున్నాయి. జనంలో సానుభూతి ఉంది. వీడియోలో బాగా మాట్లాడావు. నీకు లేనిది ఒక్క ఖర్చే. అది గోవిందరావుగారు చూసుకుంటారు."

"మరి గేటు కాడ కూకున్నోల్లు?"

"లేస్తారు. నువ్వు చెబితే లేస్తారు కదా. అందుకే కదా నువ్వు. మా కండువా వేసుకుని రోడ్డు మీద బైఠాయిస్తే పార్టీకి పరువేం మిగులుతుంది?"

"సుస్మిత సంగతి?"

గోవిందరావు గోళ్ళు చూసుకున్నాడు. "ఏదో చేద్దాంలే. ముందు ఎలక్షన్ అవనీ."

మంగమ్మ నోట్లో మాట తయారుగా ఉంది. ఒద్దు. చిన్న మాట. కానీ ఆ మాట వెనక మంచం మీద పడున్న మనిషి కనబడ్డాడు. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు మజ్జిగ కూడా మింగలేడు. మార్పిడి అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఆమె నోరు తెరిచి, "ఆలోసించుకోని సెప్తాను," అంది.

"ఆలోచించుకో. ఎవరొద్దన్నారు?" అని ఢిల్లేశ్వరరావు వెనకనుంచి వచ్చి మెడలో కండువా వేశాడు. ఫోను మెరిసింది. అంతా ఒక్క చిటికెలో అయిపోయింది. ఆమె కండువా తియ్యలేదు. కారు ఎక్కాక తీసి, మడతపెట్టి సీటు మీద వదిలేసింది.

సాయంత్రం కారు కాశీబుగ్గలో ఆగేసరికి ఫేక్టరీ రోడ్డు మొదట్లోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆమె ముఖమే. కిందనే గోవిందరావు నమస్కారం పెడుతున్నాడు. 'శ్రమజీవుల ముద్దుబిడ్డ మంగమ్మ' అని రాసుంది.

ఇంటికెళితే ఈశ్వరరావు మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఫోను పక్కన పడేశాడు.

"సూసినాను," అన్నాడు.

"మావా, నువ్వు బతకాల కదా."

"బతకాలనే ఉంది. అబద్ధమెందుకు?" ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "గాని ఆళ్ళు నా రోగం సెప్పి నీ నోరు అడుగుతున్నారు. సుస్మిత ఇంటి ముందునుంచే కదే నన్ను ఆటోలో తీసుకెల్తావు? ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిన ఆ గుంట గుమ్మంలో కూకోనుంటాది. ఏ మొకంతో ఎల్దాం?"

మంగమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అతను పిలవలేదు.

ఆ రాత్రే ఇంకో పార్టీ మనిషి వచ్చాడు. ఆ పార్టీ టిక్కెట్టు వద్దు, మా టిక్కెట్టు తీసుకో, ఖర్చు మేం చూసుకుంటాం అన్నాడు. ఖర్చు ఎవరు పెడతారంది మంగమ్మ. అతను గర్వంగానే చెప్పాడు, గోవిందరావు బావమరిది పేరు. మంగమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అతను ఒప్పుకుందనుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర గోనెలు సగం ఖాళీగా ఉన్నాయి. ఫ్లెక్సీ చూసిన కొందరు, ఇంకెందుకని లోపలికి వెళ్ళిపోయారు. బాయిలరు పొగ మళ్ళీ పైకి లేస్తోంది. మిగిలినవాళ్ళు మంగమ్మ వస్తుంటే జరగలేదు, పలకరించలేదు. డిగ్రీ సగంలో మానేసి పనిలోకొచ్చిన యామిని, రోజూ ఆమెని వదినా అని చుట్టుకునే పిల్ల, ముఖం తిప్పుకుంది.

బొడ్డమ్మ ఒక్కతే అడిగింది. "ఎక్కడికెల్లావే నిన్న?"

"టెక్కలి."

"సెప్పెల్లలేదేటి?"

"సెప్తే ఒద్దంటారని."

ఒక్కసారిగా అరుపులు లేచాయి. అమ్ముడుపోయినావు అని ఒకతి. మా పిల్లల నోటికాడ కూడు తీసేసినావు అని ఇంకొకతి. మంగమ్మ కదలలేదు. తిట్లు అయ్యేదాకా నిలబడింది. అప్పుడు మొదలుపెట్టి, కారు దగ్గర్నుంచి కండువా దాకా, ఏదీ దాచకుండా చెప్పింది. సోఫాలో ఎవరున్నారో చెప్పింది. ఆమె పేరు ఖాయం చేసిందెవరో చెప్పింది. కండువా తియ్యాల్సినప్పుడు తియ్యలేదని కూడా చెప్పింది. రెండో పార్టీకి డబ్బు పెట్టేదెవరో చెప్పింది.

ఆడవాళ్ళు గోనెలు దగ్గరికి జరుపుకున్నారు.

తరవాత రగడ మొదలైంది.

"ఓలమ్మా, తీసుకుంటే ఏటి పోతాది?" అంది ఒక పెద్దామె. "మనమనిషి ఒకతి ఆపీసులో కుర్చీలో కూకుంటే మనకి మంచిదే కదా!"

"కుర్చీ ఆళ్ళది పెద్దమ్మా," అంది యామిని. "కూకోమన్నప్పుడు కూకోవాల, లెగమన్నప్పుడు లెగాల. నిన్న వదినని మనల్ని లేపమన్నారు. ఇంకా గెలవక ముందే!"

"అయితే మనకెందుకీ ఎలచ్చన్లు? సమ్మె సూసుకుందాం."

"సమ్మె విరగ్గొట్టడానికే కదే ఆళ్ళు ఎలచ్చను తెచ్చింది. మనం ఒదిలేత్తే ఆళ్ళ మనిషే గెలిసి, రేపు ఈ గేటు ముందు కూకోడానికి జాగా కూడా లేకుండా సేస్తాది."

"మనకి డబ్బెక్కడిది? జెండా ఏదీ? ఎవుడు గెలిపిస్తాడు మనల్ని?"

బొడ్డమ్మ గోనె మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. "ఇన్నేళ్ళు పప్పు ఏరుతున్నాం. ఏది గుండు పప్పు, ఏది బద్ద, ఏది పుచ్చు అని సూసి ఏరుతున్నాం. మనిషిని ఏరడం మనకి రాదా? గదిలో తలుపేసుకోని ఆళ్ళు ఏరితే మనం ఓటెయ్యాలా? మన మనిషిని మనం ఏరదాం. ఇక్కడే, అందరి ముందర."

"నీకు ఈ ఊర్లో ఓటే లేదు కదా," అంది పెద్దామె.

"ఓటు నేదు. పని ఉంది. పని ఉన్నచోట మాటుండాల."

పెద్దామె జరిగి ఆమెకి గోనె మీద చోటిచ్చింది.

మంగమ్మే నిలబడాలని కొందరన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ గుడ్డ నా మెడలో పడింది. పడనిచ్చాను. ఈసారికి నన్నొద్దు. నాను ఎనకాల ఉంటాను."

అలా కాదు, నువ్వే నిలబడాలని ఎవరూ బతిమాలలేదు. అది ఆమెకి గుచ్చుకుంది. గుచ్చుకోవాలి కూడా అనుకుంది.

ఆ వార్డు మనిషే, బీసీయే అని యామిని పేరు వచ్చింది. ఆ పిల్లని మధ్యలో నిలబెట్టారు. టెక్కలిలో అడగని ప్రశ్నలు ఇక్కడ అడిగారు.

"మాటాడేది నువ్వా, మీ ఆయనా?"

"నానే."

"షావుకారు ఒంటరిగా రమ్మని పిలిస్తే?"

"ఎల్లను. ఎవరు పిలిచినా మీలో ఇద్దరు తోడుంటేనే ఎల్తాను. ఏటి మాటాడారో ఈ గేటుకాడికొచ్చి సెప్తాను."

"గెలిసినాక మారిపోతే?"

యామిని కింద పరిచిన గోనెలు చూసింది. "మారితే మీరు నా ఇంటి ముందు ఇలగే గోనెలు పరవండి."

నవ్వులు. సమ్మె మొదలయ్యాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని లోపలికి వెళ్ళినవాళ్ళలో కొందరు గేటు దాకా వచ్చి ఊచల్లోంచి చూశారు. ఒకతి బయటికొచ్చి, ఏమీ అనకుండా గోనె మీద కూర్చుంది. మధ్యాహ్నానికి గోనెలు మళ్ళీ నిండాయి.

మంగమ్మ అక్కడ ఆగలేదు. తొక్కతీసే చాకు తీసుకుని రోడ్డు మొదటికి నడిచింది. వెనక గుంపు నడిచింది. ఆటో మీదకెక్కి తన ముఖం ఉన్న ఫ్లెక్సీ తాళ్ళు తనే కోసింది. అది దుమ్ములో పడింది. నమస్కారం పెడుతున్న గోవిందరావు కూడా పడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె మీద కేసు రాశారు. పార్టీ ఆస్తి ధ్వంసం చేసిందట, పనిలోకెళ్ళేవాళ్ళని బెదిరించిందట. కానీ పట్టుకోడానికి రాలేదు. ఎందుకు రాలేదో నామినేషన్ల ఆఖరి రోజున తెలిసింది.

ఆ రోజు మునిసిపల్ ఆఫీసు ముందు తాడు కట్టారు. అభ్యర్థి, ప్రతిపాదించే మనిషి తప్ప లోపలికి ఎవరూ పోకూడదన్నారు. ప్రతిపాదించే మనిషికి ఆ వార్డులో ఓటుండాలి. యామినికి ఆ మనిషి మంగమ్మ. ఇద్దరూ తాడు దాటారు. ఆడవాళ్ళంతా తాడు ఇవతల, ఎండలో.

మెట్ల మీద ఢిల్లేశ్వరరావు ఉన్నాడు. పక్కన పట్టుచీరలో వాళ్ళ కొత్త అభ్యర్థి, గోవిందరావు కోడలు. మంగమ్మ కాదన్నాక ఎంపికకి ఒక పూట పట్టలేదు. ఢిల్లేశ్వరరావు మంగమ్మని చూసి జాలిగా తల ఊపాడు.

అప్పుడే ఎస్సై ముందుకొచ్చాడు. "మంగమ్మా, నీ మీద కేసుంది. బండెక్కు."

"సంతకం పెట్టి వత్తాను. సిటికెలో పని."

"ఇప్పుడే ఎక్కు."

మహిళా కానిస్టేబులు చెయ్యి పట్టుకుంది. యామిని రెండో చెయ్యి పట్టుకుంది. తాడు ఇవతల అరుపులు లేచాయి. వార్డులో ఓటున్న ఆడవాళ్ళు నేను పెడతాను, నేను పెడతాను అని తోసుకొచ్చారు. లాఠీలు అడ్డం పెట్టారు. ఒక్కరిని కూడా దాటనివ్వలేదు. లోపల్నుంచి ఎవరో, ఇంక కాసేపట్లో తలుపులు మూసేస్తారని కేకేశారు. మంగమ్మని జీపులోకి తోశారు.

"యామినీ, లోపలికెల్లు!" అని అరిచింది. "నువ్వు లోపలుండు!"

జీపు కడ్డీల్లోంచి చూస్తోంది ఆమె. గుంపు వెనక ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక మనిషి దిగుతున్నాడు. ముందు కాలు, తరవాత కర్ర, తరవాత వొంగిన వీపు. ఈశ్వరరావు. ఎడమచేతికి డయాలసిస్ కట్టు ఇంకా విప్పలేదు. ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చాడు. బొడ్డమ్మ జరిగింది చెప్తూ పక్కన భుజం కాసింది. గుంపు రెండుగా విడిపోయి దారిచ్చింది.

తాడు దగ్గర కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఈ వార్డులో ఓటుంది నాకు," అన్నాడు ఈశ్వరరావు. కర్ర ఆనించుకుని మళ్ళీ అన్నాడు. "ప్రతిపాదించేది నేను. ఆపుతావా? నా మీద సెయ్యెయ్యి సూద్దాం. ఇప్పుడే సూది తీసినారు, నెత్తురు ఆగదు నాకు."

కానిస్టేబులు ఆ కట్టు చూశాడు. చుట్టూ లేచిన ఫోన్లు చూశాడు. ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఢిల్లేశ్వరరావు వైపు చూశాడు. ఈ చూపులు అయ్యేలోగా ఈశ్వరరావు తాడు పైకెత్తి కిందనుంచి దూరాడు. జీపు పక్కనుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగాడు.

"మావా, మరి ఆ విశాఖ డాక్టరు..." అంది మంగమ్మ.

"నువ్వెల్లు. నేనున్నాను," అన్నాడు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. పట్టుచీరలో ఉన్నామె పక్కకి జరిగింది. తలుపు అతని వెనక మూసుకుంది.

లోపల్నుంచి యామిని బయటికొచ్చి రసీదు పైకెత్తే సరికి జీపు కదిలింది. గుంపు కేక ఎంత గట్టిగా వచ్చిందంటే డ్రైవరు తల లోపలికి లాక్కున్నాడు. మంగమ్మకి ఏడుపొచ్చింది. కొంగుతో తుడుచుకుంది. పక్కనున్న మహిళా కానిస్టేబులు చూడనట్టు బయటికి చూసింది.

స్టేషనుకి ఫేక్టరీల రోడ్డు మీంచే పోవాలి. అన్నాల వేళ ఆలస్యంగా అయినట్టుంది, మిగతా ఫేక్టరీల ముందు ఆడవాళ్ళు కేరేజీలు విప్పుకుని కూర్చున్నారు. ఇన్నాళ్ళూ ఈ సమ్మెకి వాళ్ళు రాలేదు. దూరం నుంచి చూశారు. జీపులో మంగమ్మని చూసి ఒకతి కేరేజీ మూత పెట్టేసింది. లేచి రోడ్డు మధ్యకి వచ్చింది. ఆమె వెనక ఇంకొకతి. ఆ పక్క ఫేక్టరీలోంచి, దాని పక్క ఫేక్టరీలోంచి, తినే చేతులు కడుక్కోకుండానే వచ్చారు. ఫేక్టరీ గంట మోగింది. లోపలికి ఒక్కరూ పోలేదు. మేస్త్రీలు గేట్ల దగ్గర నిలబడి అరుస్తున్నారు. వినేవాళ్ళు లేరు.

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎవరూ జరగలేదు.

ముందు నిలబడ్డ ఆమె మంగమ్మకి పేరు కూడా తెలీని మనిషి. అరచేతులు జీడినూనెకి కాలి నల్లగా ఉన్నాయి. జీపు ముందు రేకు మీద ఆ రెండు చేతులూ ఆనించింది.

"ఏ తప్పు సేసిందని తీసుకుపోతన్నారు బాబూ? సెప్పి కదలండి."

ముందు సీట్లో ఉన్న ఎస్సై తల బయటపెట్టాడు. వెనక్కి తిరిగి చూశాడు. వెనక రోడ్డు కూడా నిండిపోయింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.